పెట్రోలు తాగే బండి: స్క్రూ కన్నా ముందు చూడాల్సినవి

కర్నూలు జిల్లా ఆలూరులో ఏ మెకానిక్ షెడ్డు ముందైనా పొద్దున అరగంట నిలబడితే ఈ మాట వినబడకుండా ఉండదు: "అన్నా, బండి పెట్రోలు శానా తాగతాండాది, కొంచెం సూడు." మెకానిక్ కూర్చుని, స్క్రూడ్రైవర్ తీసి, కార్బురేటర్ పక్కనున్న చిన్న స్క్రూను అటు ఒక అరచుట్టు, ఇటు ఒక పావుచుట్టు తిప్పుతాడు. ఇంజిన్ శబ్దం కాస్త మారుతుంది. బండి మనిషి నమ్మకంగా వెళ్లిపోతాడు. పదిహేను రోజులకు అదే బండి, అదే షెడ్డు, అదే మాట.

ఈ తిరుగుడు ఎందుకు ఆగదో తేల్చుకోవాలని చాలాకాలంగా నా పట్టుదల. బండి ఎక్కువ పెట్రోలు తాగడానికి మా ప్రాంతంలో ఒక్కొక్కరు ఒక్కో కారణం చెబుతారు. ఎండ అంటారు కొందరు. పెట్రోల్లో కలుపుతున్న ఇథనాల్ అంటారు మరికొందరు. కార్బురేటరే పోయింది, కొత్తది వేయించు అనేవాళ్లున్నారు. స్క్రూ తిప్పితే చాలనేవాళ్లే ఎక్కువ. అన్నీ విని, చూసి, నా చేతులతో విప్పి బిగించి నేను తేల్చుకున్నది ఒకటుంది: స్క్రూ నిజంగా కారణమయ్యే బండ్లు చాలా తక్కువ. రోగం దుమ్ములో, ఫ్లోట్‌లో, అరిగిన నీడిల్‌లో, సూదితో పొడిచిన జెట్టులో (పెట్రోలు వచ్చే సన్న చిల్లు) ఉంటుంది. స్క్రూ అన్నిటికన్నా చివర తిప్పాల్సింది.

కార్బురేటర్ బండ్ల కాలం అయిపోయింది కదా అని ఎవరైనా అడగొచ్చు. 2020 ఏప్రిల్ 1న భారత్ స్టేజ్ 6 నిబంధనలు వచ్చాక మన దేశంలో కొత్తగా అమ్మే మోటారుసైకిళ్లు దాదాపు అన్నీ ఫ్యూయల్ ఇంజెక్షన్‌కు మారిపోయాయి. షోరూముల సంగతి అది. ఆలూరు, హొళగుంద, హాలహర్వి, చిప్పగిరి, ఆస్పరి ఊళ్లలో తిరిగే బండ్ల సంగతి వేరు. ఇక్కడ పాత స్ప్లెండర్లు, ప్యాషన్లు, ప్లాటినాలు, సీటీ 100లు, టీవీఎస్ ఎక్స్‌ఎల్‌లు ఇంకా పొలానికి పోతున్నాయి, పత్తి మూటలు, వేరుశనగ బస్తాలు మోస్తున్నాయి. రెండో చేతిలో, మూడో చేతిలో కొన్న బండ్లే వీటిలో ఎక్కువ. మరో పదేళ్లయినా ఈ ఇళ్లకు ఇవే దిక్కు.

లెక్క కట్టి చూడండి. ఆలూరు నుంచి ఆదోని మార్కెట్‌యార్డుకు పోయి రావాలంటే 60 కిలోమీటర్లు. లీటరుకు 60 ఇచ్చే బండికి ఒక లీటరు చాలు. అదే బండి రిచ్‌గా నడుస్తూ 42కు పడిపోతే 1.43 లీటర్లు కావాలి. నెలకు 20 సార్లు తిరిగితే ఎనిమిదిన్నర లీటర్ల పెట్రోలు వృథా. లీటరు 100 రూపాయలనుకున్నా నెలకు 850 రూపాయలు పొగగొట్టంలోంచి పోతున్నాయి. వానలు సరిగా పడని సంవత్సరం కుటుంబమంతా గుంటూరు మిరపచేలకు వలస పోయే ఊళ్లలో ఈ 850 చిన్న డబ్బు కాదు.

రిచ్ అంటే పెట్రోలు ఎక్కువ, గాలి తక్కువ. ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా కాలాలంటే 14.7 గ్రాముల గాలి కావాలి. గాలి అంతకన్నా తగ్గితే పెట్రోలు సగం కాలి మసి అవుతుంది, కార్బన్ మోనాక్సైడ్ అవుతుంది, సైలెన్సర్‌లో కూర్చుంటుంది. బండి చలిలో బాగా స్టార్టయి, వేడెక్కేకొద్దీ మొరాయిస్తుంది. ఎక్స్‌లేటర్ తిప్పితే బరువుగా, గుడగుడమంటూ కదులుతుంది. పొగ నల్లగా వస్తుంది. ప్లగ్గు విప్పితే కొన మీద పొడి మసి, వేలికి అంటే కాటుకలా ఉంటుంది.

మొదటి పొరపాటు ఇక్కడే జరుగుతుంది. నల్లగా కనిపించిన ప్లగ్గులన్నీ రిచ్ కావు. నల్లగా ఉన్నా తడిగా, జిడ్డుగా ఉంటే అది ఇంజిన్ ఆయిల్. పిస్టన్ రింగులో, వాల్వ్ సీళ్లో అరిగాయి. దానికి తోడు పొగ నీలంగా ఉంటుంది. అప్పుడు కార్బురేటర్‌ను ముట్టుకోవడం వృథా. పాత రెండు స్ట్రోకుల బండ్లయితే క్రాంక్ సీల్ పోయి గేర్ ఆయిల్ లోపలికి లాగుతున్నాయేమో చూడాలి. నిప్పు బలహీనమైనా ప్లగ్గు నల్లబడుతుంది. ప్లగ్గు గ్యాప్ కంపెనీ చెప్పినంత ఉందో లేదో, క్యాప్ గట్టిగా కూర్చుందో లేదో చూడకుండా జెట్టు మార్చేవాళ్లను చూస్తే బాధేస్తుంది. జబ్బు నిప్పుదైతే పెట్రోలు తగ్గించి ఏం లాభం?

ఎండ వాదనను కూడా తూకం వేసి చూద్దాం. గాలి వేడెక్కితే పలచబడుతుంది, ఎత్తుకు పోయినా పలచబడుతుంది. కార్బురేటర్‌కు గాలి పలచబడిందని తెలియదు. పెట్రోలు తన లెక్కలో తాను వదులుతుంది. అందువల్ల ఎండాకాలం బండి కాస్త రిచ్ అవుతుందన్నది నిజమే. ఎంత అన్నదే ప్రశ్న. 20 డిగ్రీల నుంచి 42 డిగ్రీలకు పోతే గాలి సాంద్రత సుమారు 7 శాతం తగ్గుతుంది. దానివల్ల మిశ్రమంలో వచ్చే తేడా అందులో సగం, అంటే మూడున్నర శాతం. హార్స్‌లీ హిల్స్ లాగా 1,200 మీటర్లు దాటిన కొండెక్కితే ఆరు శాతం దాకా ఉండొచ్చు. ఆలూరు, ఆదోని, బళ్లారి దాదాపు ఒకే ఎత్తులో ఉన్నాయి కాబట్టి రోజువారీ ప్రయాణంలో ఎత్తు ప్రసక్తే లేదు. మూడున్నర శాతం తేడాతో ప్లగ్గు కాటుక కాదు, అరవై నలభై రెండు కాదు. ఎండ మీద నెట్టేసి చేతులు దులుపుకోవడం కుదరదు.

ఇథనాల్ సంగతి దీనికన్నా చిక్కైనది. 2022లో పెట్రోల్లో 10 శాతం ఇథనాల్ చేరింది. 2023 ఫిబ్రవరిలో 20 శాతం కలిపిన పెట్రోలు అమ్మకం మొదలై, 2025కల్లా దేశమంతటా అదే మామూలు పెట్రోలైంది. పన్ను తేడా వల్ల చవకని హగరి నది దాటి కర్ణాటకలోని బళ్లారి వైపు బంకుల్లో పోయించుకునేవాళ్లు మా దగ్గర ఉన్నారు, అక్కడా ఇదే పెట్రోలు. ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉంటుంది. దాన్ని కాల్చడానికి గాలి తక్కువ చాలు. అంటే పాత జెట్టులోంచే ఈ పెట్రోలు వస్తే మిశ్రమం లీన్ (గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ) వైపు జరుగుతుంది, రిచ్ వైపు కాదు. ఇథనాల్ కలిసిన పెట్రోల్లో శక్తి కొంత తక్కువ కాబట్టి మైలేజీ కాస్త తగ్గడం నిజం, కానీ ప్లగ్గుకు మసి పట్టించేది అది కాదు. ఈ రోజుల్లో కూడా ఒక బండి నల్లపొగ వదులుతోందంటే దాని కార్బురేటర్‌లో గట్టి లోపమే ఉందని నేనంటాను.

అయితే ఆ లోపాన్ని తేవడంలో ఇథనాల్‌కు భాగం ఉండొచ్చు. పాత బండ్లలోని రబ్బరు దీన్ని తట్టుకునేలా తయారైంది కాదు. ఫ్లోట్ నీడిల్ కొనకుండే రబ్బరు ఉబ్బుతుంది, తర్వాత గట్టిపడుతుంది, పగులుతుంది. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది కాబట్టి వారాల తరబడి కదలని బండి కార్బురేటర్ గిన్నెలో అడుగున తెల్లటి చౌడులాంటిది పేరుకుంటుంది. వలస పోయి నాలుగు నెలలకు తిరిగొచ్చినవాళ్ల బండ్లు విప్పితే ఇది కనబడుతుంది.

ఇక దుమ్ము. నా లెక్కలో మా ప్రాంతంలో మొదటి ముద్దాయి ఇదే. నల్లరేగడి ఎండితే పిండిలా అవుతుంది. వేరుశనగ నూర్పిళ్లప్పుడు, ఆషాఢం గాలి వీచేటప్పుడు బండి ముందు ట్రాక్టరు పోతే ఎదురు కనబడదు. ఆ దుమ్మంతా ఎయిర్ ఫిల్టర్ దగ్గరే ఆగాలి. ఆగుతుంది కూడా. ఆగి ఆగి ఫిల్టర్ మూసుకుపోతే ఇంజిన్ పీల్పు పెరుగుతుంది, గాలికి బదులు జెట్టులోంచి పెట్రోలును గుంజుకుంటుంది. చోక్ వేసి తోలినట్టే. కంపెనీ పుస్తకంలో ఫిల్టర్ మార్చమని చెప్పిన దూరం మంచి రోడ్లకు రాసింది. ఆలూరు చేల దారులకు అందులో సగమైనా ఎక్కువే.

ఫిల్టర్ చూడటంలో కూడా రెండు పొరపాట్లు జరుగుతాయి. ఫోమ్ ఫిల్టర్ అయితే కిరోసిన్‌లోనో సబ్బునీళ్లలోనో కడిగి, మెలితిప్పకుండా పిండి, ఆరాక, నాలుగు చుక్కల ఇంజిన్ ఆయిల్ అంతటా పట్టించి, మిగిలింది పిండేయాలి. ఆయిల్ కారుతూ పెడితే అదే గాలిని ఆపుతుంది. నూనె పూసి తయారైన కాగితం ఫిల్టర్ అయితే కడగకూడదు, గాలి కూడా కొట్టకూడదు, మార్చాలి. పంచరు షాపులో గాలి కొట్టించి పెట్టుకుంటే దుమ్ము పోదు, కాగితానికి కంటికి కనిపించని చిల్లులు పడతాయి. ఆ చిల్లుల గుండా పోయిన రేగడి సిలిండర్‌ను సానపెడుతుంది.

ఒక చిన్న పరీక్ష ఉంది. బండి నిలబెట్టి, షెడ్డులో, ఫిల్టర్ తీసి కాసేపు ఇంజిన్ నడిపి చూడాలి. అంతవరకు గుడగుడలాడే ఇంజిన్ తేటపడితే మిశ్రమం రిచ్‌గానే ఉందని తేలినట్టు. కొత్త ఫిల్టర్ పెట్టాక కూడా ఆ తేటదనం నిలిస్తే రోగం ఫిల్టర్‌దే, కార్బురేటర్ విప్పే పని లేదు. ఫిల్టర్ లేకుండా మాత్రం రోడ్డెక్కకూడదు.

ఫిల్టర్ బాగుంటే అప్పుడు గిన్నె, అంటే ఫ్లోట్ చాంబర్. ఇంజిన్‌కు పెట్రోలు నేరుగా ట్యాంకు నుంచి పోదు. గిన్నెలో ఒక మట్టం వరకు నిలబడి, అక్కడ్నుంచి జెట్ల ద్వారా గాలి దారిలోకి పొగమంచులా చిమ్ముతుంది. హంగేరీలో దోనాత్ బాంకి, యానోష్ చోంకా 1893లో పేటెంటు కోరిన కార్బురేటర్ నుంచి ఇప్పటి స్ప్లెండర్ దాకా సూత్రం ఇదే. ఆ మట్టం రెండు మిల్లీమీటర్లు పెరిగితే ఎక్స్‌లేటర్ పిడి ఎంత తిప్పినా, తిప్పకపోయినా బండి అన్ని వేగాల్లోనూ రిచ్ అవుతుంది. అన్ని వేగాల్లోనూ ఒకేలా ఉండటమే దీని గుర్తు.

నా 2004 బండికి ఇదే జరిగింది. మూడు షెడ్లలో స్క్రూ తిప్పించుకున్నాను, ఒకచోట మెయిన్ జెట్టు కూడా మార్చారు. చివరికి ఒక పెద్దాయన నేల మీద పాత దినపత్రిక పరిచి, గిన్నె విప్పి, ఫ్లోట్‌ను చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. లోపల చుక్క చప్పుడు చేసింది. బోలుగా ఉండాల్సిన ఫ్లోట్‌లోకి సన్నని పగులు గుండా పెట్రోలు దూరింది. బరువెక్కిన ఫ్లోట్ తేలక నీడిల్‌ను మూయలేదు. నీడిల్ తీసి గోరు మీద పెట్టి చూపించాడు: రబ్బరు కొన చుట్టూ పల్లంలా గీత పడింది. రెండూ మార్చాక ఆయన మెడికల్ షాపు సెలైన్ పైపు ముక్క తెచ్చి, గిన్నె కింది డ్రెయిన్ గొట్టానికి తగిలించి, పైకి వంచి గిన్నె పక్కన నిలబెట్టాడు. డ్రెయిన్ స్క్రూ వదులు చేస్తే గిన్నెలో పెట్రోలు ఎంతవరకు ఉందో ఆ పైపులో అంతే ఎత్తున కనబడింది. గిన్నె అతుకు గీతకు కాస్త కిందుగా ఆగింది. విప్పకుండానే లోపలి మట్టం చూసే ఇంత తేలిక పద్ధతి ప్రతి షెడ్డులోనూ ఉండాలి.

అదే రోజు ఆయన ఆయిల్ గేజి తీసి నన్ను వాసన చూడమన్నాడు. ఇంజిన్ ఆయిల్‌లో పెట్రోలు వాసన గుప్పుమంది. నెలల తరబడి కాలని పెట్రోలు సిలిండర్ గోడల మీది ఆయిల్ పొరను కడుగుతూ కిందికి దిగింది. రిచ్ బండి డబ్బు ఒక్కటే కాల్చదు, ఇంజిన్‌ను కూడా తింటుంది. కార్బురేటర్ బాగు చేసిన రోజే ఆయిల్ మార్చడం తప్పనిసరి.

జెట్ల దగ్గర జరిగే నష్టం మరో రకం. జెట్టు ఇత్తడిది, మెత్తనిది. దాని చిల్లును నూరో వంతు మిల్లీమీటర్ లెక్కలో తొలుస్తారు. చెత్త అడ్డుపడిందని గుండుసూదితోనో, బ్రేకు కేబుల్ తీగతోనో పొడిస్తే ఆ చిల్లు వెడల్పవుతుంది. అప్పట్నుంచి ఆ జెట్టు ఎప్పటికీ రిచ్. కార్బురేటర్ క్లీనర్‌లో నానబెట్టి గాలి కొట్టాలి, వెలుతురుకు పట్టి చూడాలి, అంతే. చాలామంది పెట్రోలు జెట్లు శుభ్రం చేసి గాలి దారులు మరచిపోతారు. కార్బురేటర్ నోట్లో, ఫిల్టర్ వైపు, చిన్న చిన్న చిల్లులుంటాయి. ఆ గాలి పెట్రోల్లో కలిసి నురగలా చేసి పైకి పంపుతుంది. మెయిన్ జెట్టు పైనుండే గొట్టానికి కూడా వరుసగా చిల్లులుంటాయి. ఇవి మా దుమ్ముతో, పెట్రోలు జిగురుతో మూసుకుంటే పెట్రోలుకు అడ్డు తగ్గి మిశ్రమం చిక్కనవుతుంది. కార్బురేటర్ సర్వీసు చేయించినా మైలేజీ రాలేదనే ఫిర్యాదుల్లో ఈ చిల్లుల పాత్ర పెద్దది.

ఫ్లోట్ నీడిల్ కాక కార్బురేటర్‌లో ఇంకో నీడిల్ ఉంది, అది అరిగితే కనిపెట్టడం కష్టం. పిస్టన్ వాల్వ్‌కు వేలాడే పొడవైన సూది, అది దిగే గొట్టం రెండూ ఏళ్ల తరబడి కొట్టుకుని, గొట్టం నోరు గుండ్రంగా కాక కోడిగుడ్డు ఆకారానికి వస్తుంది. అలాంటి బండి స్లోలో బాగుంటుంది, ఫుల్లులో బాగుంటుంది, మనం రోజంతా తోలే సగం ఎక్స్‌లేటర్ దగ్గర మాత్రం తాగుతుంది. అరవై డెబ్బై వేల కిలోమీటర్లు తిరిగిన బండిలో దీన్ని అనుమానించాలి. సూది, గొట్టం జతగా మార్చాలి, సూది ఒక్కటే మారిస్తే ఫలితం ఉండదు.

అందుకే బండి ఏ తిప్పు దగ్గర రిచ్ అవుతోందో ముందు కనిపెట్టడం సగం వైద్యం. పిడి మీద తెల్ల టేపు అంటించి, సున్నా, పావు, సగం, ముప్పావు, ఫుల్లు గీతలు పెట్టుకోవాలి. పావు వరకు పైలట్ జెట్టుది, పావు నుంచి ముప్పావు వరకు నీడిల్‌ది, ఆపైన మెయిన్ జెట్టుది పెత్తనం. ఖాళీ రోడ్డు మీద ఒక గీత దగ్గర కాసేపు నిలకడగా తోలి, క్లచ్ పట్టి ఇంజిన్ ఆపేసి, ప్లగ్గు విప్పి చూస్తే ఆ తిప్పు రంగు తెలుస్తుంది. కాఫీ పొడి రంగుంటే బాగున్నట్టు.

చోక్‌ను చూడటం మరచిపోయి వందలు ఖర్చు పెట్టినవాళ్లను నేనెరుగుదును. కార్బురేటర్ పక్కనున్న లీవర్‌ను మోకాలో, పిల్లలో కదిలిస్తారు. కేబుల్ చోక్ అయితే తుప్పు పట్టి పూర్తిగా వెనక్కి పోదు. ముందు దాన్ని చూడండి.

ఇవన్నీ సరిగా ఉన్నాక, ఇంజిన్ బాగా వేడెక్కాక, స్క్రూ. ఇక్కడ ఒక పెద్ద గందరగోళం ఉంది. స్క్రూ ఫిల్టర్ వైపు ఉంటే అది గాలి స్క్రూ: బయటికి తిప్పితే లీన్, లోపలికి తిప్పితే రిచ్. ఇంజిన్ వైపు ఉంటే అది పెట్రోలు స్క్రూ: బయటికి తిప్పితే రిచ్, లోపలికి తిప్పితే లీన్. ఈ తేడా తెలియక రిచ్ బండిని ఇంకా రిచ్ చేసి పంపినవాళ్లున్నారు. మెల్లగా చివరిదాకా బిగించి (గట్టిగా బిగిస్తే కొన విరుగుతుంది), అక్కడ్నుంచి ఒకటిన్నర చుట్లు వదలాలి. తర్వాత పావు పావు చుట్టుగా అటూ ఇటూ తిప్పుతూ ఇంజిన్ ఎక్కడ వేగంగా, నిలకడగా తిరుగుతుందో అక్కడ ఆపి, స్లో స్క్రూతో వేగం తగ్గించాలి. మూడు చుట్లు దాటినా, అరచుట్టుకు దిగినా సరిపోవడం లేదంటే పైలట్ జెట్టులోనో, దారుల్లోనో తప్పుంది. సగం తిప్పులో రిచ్ అయితే స్క్రూతో పనే లేదు. నీడిల్ క్లిప్పును ఒక గాడి పైకి మారిస్తే సూది దిగి పెట్రోలు తగ్గుతుంది.

స్క్రూ సరిగా కుదిరిందో లేదో చూడటానికి మనకు అందుబాటులో ఉన్న మీటరు ఒకటి ఉంది. పొల్యూషన్ సర్టిఫికెట్ ఇచ్చే చోట గొట్టం పెట్టి కార్బన్ మోనాక్సైడ్ కొలుస్తారు. 2000 మార్చి తర్వాత వచ్చిన కార్బురేటర్ బండ్లకు హద్దు 3.5 శాతం. మనం కాగితం తీసుకుని వచ్చేస్తాం, అంకె అడగం. నిజంగా గొట్టం పెట్టి కొలిపించుకుని, స్క్రూ తిప్పకముందు ఒక అంకె, తిప్పాక ఒక అంకె రాసుకుంటే ఊహ అక్కర్లేదు. అది స్లోలో కొలిచిన అంకె, సగం తిప్పు గురించి చెప్పదు. అయినా పైలట్ జెట్టుకు అంతకన్నా మంచి సాక్షి లేదు.

చివరగా, మైలేజీ పిచ్చితో బండిని లీన్ చేయమని అడిగేవాళ్లకు ఒక మాట. పెట్రోలు లోపలికి వెళ్తూ ఇంజిన్‌ను చల్లబరుస్తుంది కూడా. 42 డిగ్రీల ఎండలో, వెనక రెండు బస్తాలతో, ఇథనాల్ పెట్రోలుతో ఇప్పటికే లీన్ వైపు జరిగిన ఇంజిన్‌ను ఇంకా లీన్ చేస్తే ప్లగ్గు తెల్లబడుతుంది, వాల్వ్ కాలుతుంది, పిస్టన్ పట్టేస్తుంది. నెలకు మిగిలే రెండు లీటర్ల కోసం ఇంజిన్ బోరు చేయించుకోవాల్సి వస్తుంది.

ఈసారి షెడ్డుకు పోయినప్పుడు "స్క్రూ తిప్పన్నా" అనకండి. "సైడు కవరు విప్పి ఫిల్టరు చూపించన్నా, తర్వాత గిన్నె విప్పు" అనండి. దానికి పట్టే గంట టైముకు కూలి అడిగితే బేరం చేయకుండా ఇవ్వండి.